చార్లెస్ ఎడ్వర్డ్ టేలర్

చార్లెస్ ఎడ్వర్డ్ టేలర్ (మే 24, 1868 - జనవరి 30, 1956) అమెరికాకు చెందిన యంత్ర నిపుణుడు. చార్లీ టేలర్ అన్న పేరుతో ప్రసిద్ధుడు. రైట్ సోదరులు 1903లో ఎగురవేసిన విమానానికి ఇంజను తయారు చేసినవాడు ఇతనే. ఆ తరువాత ఎన్నో సంవత్సరాలు వారి విమానాలను మరమ్మతు చేస్తూ, వాటిని ఎగరడానికి సిద్ధం చేస్తూ వచ్చాడు. అందువలన ఇతనిని ప్రపంచంలో మొట్టమొదటి విమాన మెకానిక్‌గా పరిగణిస్తారు.

విమానాల నిర్వహణ, మరమ్మతు నేడు లైసెన్సుతో కూడిన వృత్తి. అందులో ప్రవేశించడానికి నిర్ణీతమైన చదువు, అనుభవం, పరీక్షలు అవసరం. టేలర్ పనిచేసిన తొలి సంవత్సరాలలో ఇవేవీ లేవు. అతనికి నేర్పడానికి గురువు గానీ, చదవడానికి పుస్తకం గానీ లేదు. ఏడవ తరగతితో బడి మానేసిన ఒక కార్మికుడు పని చేస్తూ తాను నేర్చుకున్నదే ఈ వృత్తికి ఆరంభమయింది. అయినా అతని పేరు చాలా కాలం లోకానికి తెలియలేదు.

బాల్యం, తొలి ఉద్యోగాలు

టేలర్ అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రంలో సెర్రో గోర్డో అనే చిన్న ఊరిలో జన్మించాడు. అతని చిన్నతనంలోనే కుటుంబం నెబ్రాస్కా రాష్ట్రంలోని లింకన్ పట్టణానికి తరలి వెళ్ళింది. ఏడవ తరగతి తరువాత అతని చదువు ఆగిపోయింది. 12 ఏళ్ళ వయసులో నెబ్రాస్కా స్టేట్ జర్నల్ అనే పత్రిక కార్యాలయంలో చిల్లర పనులు చేసే కుర్రవాడిగా చేరాడు. తరువాత అక్కడి పుస్తకాల బైండింగు విభాగంలో పనిచేశాడు. యంత్రాలపై ఆసక్తి అతనికి చిన్ననాటి నుండి ఉండేది. కాలక్రమంలో లోహాన్ని కొలిచి, కోసి, తరిగి కావలసిన ఆకారానికి తేవడంలో మంచి నేర్పు సంపాదించాడు.

నెబ్రాస్కాలోని కెర్నీ పట్టణంలో ఉన్నప్పుడు హెన్రియెటా వెబర్ట్‌తో పరిచయం కలిగింది. 1894లో వారి వివాహం జరిగింది. 1896లో దంపతులు ఒహాయో రాష్ట్రంలోని డేటన్ నగరానికి మారారు. అక్కడ టేలర్ వ్యవసాయ పనిముట్లు, సైకిళ్ళు తయారు చేసే స్టాడర్డ్ కంపెనీలో ఉద్యోగం సంపాదించాడు.

రైట్ సోదరులతో పరిచయం

విల్బర్ రైట్, ఆర్విల్ రైట్ సోదరులు డేటన్ నగరంలోనే సైకిళ్ళ దుకాణం నడిపేవారు. ఆ దుకాణం ఉన్న భవనం హెన్రియెటా బంధువైన చార్లెస్ వెబర్ట్‌ది. ఈ బంధుత్వం ద్వారా టేలర్‌కు ఆ సోదరులతో పరిచయం ఏర్పడింది. వారి సైకిళ్ళకు కావలసిన కొన్ని భాగాలను అతను తయారు చేసి ఇచ్చేవాడు. అతని చేతిపని వారికి నచ్చింది.

రైట్ సోదరులు అప్పటికే గ్లైడర్లతో ప్రయోగాలు చేస్తున్నారు. ఉత్తర కరొలైనాలోని కిట్టీహాక్ సముద్రతీరానికి వెళ్ళినప్పుడు దుకాణం చూసుకునే నమ్మకమైన మనిషి వారికి అవసరమయ్యాడు. 1901 జూన్‌లో వారు టేలర్‌ను వారానికి 18 డాలర్ల జీతం మీద పనిలో పెట్టుకున్నారు. అప్పటికి అతను వేరొక కంపెనీలో గంటకు 25 సెంట్లు సంపాదిస్తున్నాడు. వీరు 30 సెంట్లు ఇవ్వజూపారు. టేలర్ చేరినది సైకిళ్ళు బాగుచేయడానికే. విమానాల ఆలోచన అప్పటికి అతనికి లేదు.

ఆ ఏడాది కిట్టీహాక్ ప్రయోగాల ఫలితాలు రైట్ సోదరులను నిరుత్సాహపరచాయి. రెక్కల గురించి అంతవరకు అందుబాటులో ఉన్న లెక్కలపై వారికి అనుమానం కలిగింది. గాలి ఒత్తిడిని స్వయంగా కొలవడానికి దుకాణంలోనే ఒక చిన్న వాయు సొరంగం నిర్మించారు. ఈ పనిలో టేలర్ వారికి సహాయపడ్డాడు. అందులో వాడిన కొలత సాధనాలను పాత హాక్సా బ్లేడ్లు, సైకిలు చక్రాల ఊచలు ఉపయోగించి తయారు చేశారు.

ఇంజను నిర్మాణం

1902 నాటి గ్లైడరు బాగా పనిచేయడంతో దానికి ఇంజను అమర్చాలని రైట్ సోదరులు నిర్ణయించుకున్నారు. కనీసం 8 అశ్వశక్తి ఇస్తూ, బరువు 200 పౌండ్లకు మించని ఇంజను కావాలని పలు కంపెనీలకు ఉత్తరాలు వ్రాశారు. వారికి పనికివచ్చే ఇంజను ఎక్కడా దొరకలేదు. చివరకు దుకాణంలోనే తయారు చేయాలనుకున్నారు. ఆ బాధ్యత టేలర్‌పై పడింది. పెట్రోలు ఇంజన్లతో అతనికి ఉన్న అనుభవమల్లా, 1901లో ఒక మోటారు కారు ఇంజనును బాగుచేయడానికి చేసిన ప్రయత్నం మాత్రమే.

ఇంజనుకు పూర్తి స్థాయి నమూనా చిత్రాలు లేవు. ముగ్గురూ కూర్చుని ఒక్కొక్క భాగం గురించి చర్చించి చిత్తు కాగితంపై గీసేవారు. టేలర్ ఆ కాగితాన్ని తన పనిబల్ల దగ్గర తగిలించుకుని, దానిని చూస్తూ భాగాన్ని తయారు చేసేవాడు. దుకాణంలో ఉన్న యంత్రాలు ముఖ్యంగా రెండు: ఒక లేత్, ఒక డ్రిల్లింగు యంత్రం. మిగిలినవి చేతి పనిముట్లు.

క్రాంకు షాఫ్టు తయారీ అన్నిటికంటే కష్టమైన పని. సుమారు 31 అంగుళాల పొడవు, 6 అంగుళాల వెడల్పు, ఒకటిన్నర అంగుళాలకు కొద్దిగా మించిన మందం గల ఉక్కు దిమ్మెను టేలర్ తీసుకున్నాడు. దానిపై షాఫ్టు ఆకారం గీసి, ఆ గీత వెంబడి వరుసగా రంధ్రాలు చేశాడు. అక్కరలేని ఉక్కును సుత్తి, ఉలితో కొట్టి తొలగించాడు. తరువాత దానిని లేత్‌పై ఎక్కించి నునుపుగా తరిగాడు. పూర్తయిన షాఫ్టు బరువు 19 పౌండ్లు.

బరువు తగ్గించడానికి క్రాంకు కేసును అల్యూమినియంతో స్థానిక కార్ఖానాలో పోత పోయించారు. ఇంజనుకు నాలుగు సిలిండర్లు. నేటి ఇంజన్లలో కనిపించే కార్బురేటరు, స్పార్కు ప్లగ్గు, పెట్రోలు పంపు దీనిలో లేవు. ఎత్తులో అమర్చిన చిన్న ట్యాంకు నుండి పెట్రోలు తన బరువుతోనే కిందికి దిగి, వేడి లోహంపై పడి ఆవిరిగా మారి గాలితో కలిసేది. సిలిండరు లోపల రెండు లోహపు ముక్కలు కలిసి విడిపోయినప్పుడు పుట్టే నిప్పురవ్వతో ఆ మిశ్రమం మండేది.

టేలర్ ఆరు వారాలలో ఈ ఇంజనును సిద్ధం చేశాడు. 1903 ఫిబ్రవరి 12న తొలిసారి నడిపి చూశారు. మరుసటి రోజు పరీక్షలో బేరింగులు బిగుసుకుపోయి క్రాంకు కేసు పగిలిపోయింది. కొత్త పోత ఏప్రిల్ నెలలో గానీ అందలేదు. టేలర్ ఇంజనును మళ్ళీ కూర్చాడు. మే నెలలో జరిగిన పరీక్షలలో అది సుమారు 12 అశ్వశక్తిని ఇచ్చింది. కోరినదానికంటే ఇది ఎక్కువ. ఈ అదనపు శక్తి వలన రైట్ సోదరులు విమానాన్ని మరికొంత దృఢంగా, బరువుగా నిర్మించగలిగారు.

1903 డిసెంబరు

1903 శరదృతువులో రైట్ సోదరులు విమానంతో కిట్టీహాక్ వెళ్ళారు. టేలర్ డేటన్‌లోనే ఉండిపోయాడు. అక్కడ ఇంజను పరీక్షించేటప్పుడు వచ్చిన అదురుకు ప్రొపెల్లర్లను తిప్పే గొట్టపు షాఫ్టులు దెబ్బతిన్నాయి. వాటిని బాగుచేయడానికి డేటన్‌కు పంపారు. టేలర్ వాటిని మరింత గట్టిగా చేసి తిరిగి పంపాడు. ఈసారి గొలుసు చక్రాలు షాఫ్టులపై వదులై జారడం మొదలయింది. సైకిలు టైర్లు అతికించే జిగురును వాడి రైట్ సోదరులు వాటిని బిగించారు. కొద్ది రోజులకే ఒక షాఫ్టులో మళ్ళీ పగులు కనిపించింది. దానితో ఆర్విల్ స్వయంగా డేటన్ వచ్చి, గొట్టాలకు బదులు గట్టి ఉక్కు కడ్డీలతో చేసిన షాఫ్టులు తీసుకువెళ్ళాడు.

డిసెంబరు 17న ఆ విమానం నాలుగు సార్లు ఎగిరింది. మొదటిసారి 12 సెకన్లలో 120 అడుగులు, చివరిసారి 59 సెకన్లలో 852 అడుగులు ప్రయాణించింది. తాను తయారు చేసిన ఇంజను గాలిలోకి లేచిన ఆ రోజు టేలర్ అక్కడ లేడు. నాలుగవ ప్రయాణం తరువాత పెనుగాలికి విమానం దొర్లిపోయి, ఇంజను క్రాంకు కేసు పగిలింది. టేలర్ చేతితో చెక్కిన క్రాంకు షాఫ్టును 1906లో న్యూయార్కులో ప్రదర్శనకు ఇవ్వగా అది తిరిగి రాలేదు. వాషింగ్టన్‌లోని జాతీయ వాయు, అంతరిక్ష మ్యూజియంలో భద్రపరచిన 1903 విమానం ఇంజనులో ఉన్నది తరువాతి ఇంజనుకు చెందిన షాఫ్టు.

హఫ్మన్ ప్రెయిరీ మైదానం

1904, 1905 సంవత్సరాలలో రైట్ సోదరులు డేటన్ సమీపంలోని హఫ్మన్ ప్రెయిరీ అనే పచ్చిక మైదానంలో ప్రయోగాలు సాగించారు. ఇక్కడ టేలర్ ఉద్యోగం స్వరూపమే మారిపోయింది. విమానం దిగిన ప్రతిసారి దానిని పరిశీలించడం, విరిగిన భాగాలు మార్చడం, తీగల బిగుతు సరిచూడడం, ఇంజనును తిరిగి సిద్ధం చేయడం అతని పనులయ్యాయి. విమానం నేలకు తగిలి దెబ్బతినడం ఆ రోజులలో తరచుగా జరిగేది. 1905 అక్టోబరు 5న విల్బర్ 39 నిమిషాల పాటు ఎగిరి 24 మైళ్ళు ప్రయాణించాడు. అంతసేపు ఆగకుండా నడిచే ఇంజను, అదురుకు సడలని కట్టుబాటు లేకుండా ఇది సాధ్యమయ్యేది కాదు.

టేలర్‌కు తాను కూడా విమానం నడపాలని కోరిక ఉండేది. రైట్ సోదరులు ఇందుకు ప్రోత్సహించలేదు. వారికి అతను మెకానిక్‌గానే అవసరం. ఇతరులకు విమానం నడపడం నేర్పిన కాలంలో కూడా టేలర్ నేలమీదే ఉండిపోయాడు.

ఫోర్ట్ మయర్ ప్రమాదం

1908లో ఆర్విల్ తన విమానాన్ని అమెరికా సైన్యానికి చూపించడానికి వాషింగ్టన్ సమీపంలోని ఫోర్ట్ మయర్‌కు వెళ్ళాడు. టేలర్, మరొక మెకానిక్ చార్లీ ఫర్నాస్ అతని వెంట వెళ్ళారు. సెప్టెంబరు 17న ప్రయాణానికి ముందు వారు విమానానికి కొత్తవి, కొంచెం పొడవైనవి అయిన ప్రొపెల్లర్లు అమర్చారు. ఆ రోజు ఆర్విల్ పక్కన టేలర్ కూర్చోవలసి ఉండగా, సైన్యం తరఫున లెఫ్టినెంట్ థామస్ సెల్‌ఫ్రిడ్జ్ ఎక్కడంతో అతను ఆగిపోయాడు.

గాలిలో ఉండగా ఒక ప్రొపెల్లరు చీలి అదరసాగింది. అది వెనుక చుక్కానిని పట్టి ఉంచే తీగకు తగిలింది. చుక్కాని అదుపు తప్పి విమానం నేలకూలింది. సెల్‌ఫ్రిడ్జ్ ఆ సాయంత్రం మరణించాడు. ఇంజనుతో నడిచే విమాన ప్రమాదంలో చనిపోయిన మొదటి వ్యక్తి ఆయనే. ఆర్విల్ తీవ్రంగా గాయపడ్డాడు. శిథిలాల నుండి వారిని బయటకు తీయడంలో టేలర్ సహాయపడ్డాడు. తరువాత విరిగిన భాగాలను పరిశీలించి, ప్రమాదం ఎలా జరిగిందో తెలుసుకోవడంలో పాలుపంచుకున్నాడు. విమాన ప్రమాదాల దర్యాప్తు చరిత్రలో దీనిని తొలి ఉదాహరణలలో ఒకటిగా చెప్పుకోవచ్చు.

చిన్న చీలిక ఒకటి ప్రాణాలు తీయగలదని ఈ దుర్ఘటన తెలియజేసింది. సైకిలు భాగం విరిగితే మనిషి రోడ్డుమీద పడతాడు. విమానం భాగం విరిగితే దానిని ఆకాశంలో ఆపి బాగుచేసే వీలు లేదు. విమానం లేవకముందే లోపాన్ని కనిపెట్టాలన్న నియమమే నేటి విమాన నిర్వహణకు మూలం.

మరుసటి సంవత్సరం ఆర్విల్ మెరుగుపరచిన విమానంతో ఫోర్ట్ మయర్‌కు తిరిగి వచ్చి పరీక్షలు పూర్తి చేశాడు. సైన్యం 1909 ఆగస్టులో విమానాన్ని స్వీకరించింది. అదే ఏడాది అక్టోబరు 4న విల్బర్ న్యూయార్కులో హడ్సన్ నది మీదుగా ఎగిరినప్పుడు కూడా టేలర్ అతని వెంట ఉన్నాడు. నీటిలో పడితే తేలడానికి విమానం కింద ఒక చిన్న పడవను అమర్చారు.

విన్ ఫిజ్ యాత్ర

1911లో కాల్‌బ్రెయిత్ పెర్రీ రోడ్జర్స్ అమెరికా ఖండాన్ని ఒక తీరం నుండి మరొక తీరానికి విమానంలో దాటడానికి పూనుకున్నాడు. 30 రోజులలో దాటినవారికి పత్రికాధిపతి విలియం రాండాల్ఫ్ హర్స్ట్ 50,000 డాలర్ల బహుమతి ప్రకటించి ఉన్నాడు. రోడ్జర్స్ తన రైట్ విమానానికి ఖర్చు భరించిన పానీయం పేరుతో విన్ ఫిజ్ అని పేరు పెట్టాడు. మెకానిక్‌గా టేలర్‌కు రోజుకు 10 డాలర్లు, ఖర్చులు ఇస్తానన్నాడు. అప్పటికి టేలర్ జీతం వారానికి 25 డాలర్లు. ఉద్యోగం వదులుకోకుండా దీనిని సెలవుగా భావించి వెళ్ళమని ఆర్విల్ అతనికి సూచించాడు.

సెప్టెంబరు 17న విమానం న్యూయార్కు నుండి బయలుదేరింది. విడి భాగాలతో, పనివారితో ఒక ప్రత్యేక రైలు దాని వెంట నడిచింది. దారిలో విమానం పదిహేను సార్లకు పైగా కూలింది. ప్రతిసారి మెకానిక్కులు దానిని తిరిగి నిలబెట్టారు. నవంబరు 5న రోడ్జర్స్ కాలిఫోర్నియాలోని పాసడీనా చేరాడు. 49 రోజులు పట్టడంతో బహుమతి దక్కలేదు. విమానంలో మొదట ఉన్న భాగాలలో చివరకు మిగిలినవి బహు కొద్ది. ఒక విమానాన్ని నడపడానికి ఒకరు చాలినా, దానిని నడిచేలా ఉంచడానికి ఒక బృందం కావాలని ఈ యాత్ర నిరూపించింది.

శిక్షణ, లైసెన్సుల ఆరంభం

ఆ రోజులలో మెకానిక్కులకు పాఠశాలలు లేవు. పనిలో ఉన్నవారిని చూసి నేర్చుకోవడమే శిక్షణ. 1910లో టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో సైన్యానికి ఉన్న ఒకే ఒక విమానాన్ని లెఫ్టినెంట్ బెంజమిన్ ఫౌలోయ్ కొద్దిమంది సైనికుల సహాయంతో నడిపాడు. సందేహం వచ్చినప్పుడల్లా రైట్ సోదరులకు ఉత్తరం వ్రాసి జవాబు తెప్పించుకునేవాడు.

విమానాలు పెరిగిన కొద్దీ ఈ పద్ధతి చాలలేదు. 1926లో అమెరికా ప్రభుత్వం చేసిన వాయు వాణిజ్య చట్టం విమానాలతో పాటు పైలట్లకు, మెకానిక్కులకు కూడా లైసెన్సు విధానం తెచ్చింది. 1927 జూలై 1న ఫ్రాంక్ గేట్స్ గార్డ్‌నర్‌కు తొలి మెకానిక్ లైసెన్సు లభించింది. టేలర్ తొలి ఇంజను చేసి అప్పటికి 24 ఏళ్ళు గడిచాయి.

అమెరికా నిబంధనల ప్రకారం విమాన దేహానికి, ఇంజనుకు వేర్వేరు అర్హతలు ఉన్నాయి. ఒక్కొక్క దానికి 18 నెలలు, రెండింటికీ కలిపి 30 నెలలు పని అనుభవం ఉండాలి. లేదా గుర్తింపు పొందిన పాఠశాలలో శిక్షణ పూర్తి చేయాలి. తరువాత వ్రాత, మౌఖిక, ప్రయోగ పరీక్షలలో ఉత్తీర్ణులు కావాలి. భారతదేశంలో విమాన నిర్వహణ ఇంజనీర్లకు లైసెన్సు ఇచ్చేది పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్. చదువు ఎంత ఉన్నా, చేతితో చేసిన పని అనుభవం లేకుండా ఈ లైసెన్సు రాదు. టేలర్ పనిబల్ల దగ్గర మొదలైన పద్ధతిలో ఈ ఒక్క అంశం ఇప్పటికీ మారలేదు.

చివరి సంవత్సరాలు

1912లో విల్బర్ టైఫాయిడ్ జ్వరంతో మరణించాడు. 1915లో ఆర్విల్ కంపెనీని అమ్మివేశాడు. టేలర్ మరికొన్ని సంవత్సరాలు ఆర్విల్ వద్ద పనిచేసి, 1928లో కాలిఫోర్నియాకు తరలి వెళ్ళాడు. అక్కడ సాల్టన్ సరస్సు సమీపంలో కొన్న భూమి కలిసిరాలేదు. ఆర్థిక మాంద్యం అతని పొదుపును హరించింది. 1930లో భార్య మరణించింది.

తరువాత లాస్ ఏంజెలెస్‌లో ఒక విమాన కర్మాగారంలో గంటకు 37 సెంట్ల కూలికి చేరాడు. తమ పక్కన పనిచేస్తున్న వృద్ధుడు మొదటి విమానానికి ఇంజను చేసినవాడని అక్కడివారికి తెలియదు. అదే సమయంలో మోటారు కార్ల తయారీదారు హెన్రీ ఫోర్డ్ రైట్ సోదరుల ఇంటిని, సైకిళ్ళ దుకాణాన్ని మిషిగన్ రాష్ట్రంలోని డియర్‌బోర్న్‌కు తరలిస్తున్నాడు. దుకాణం ఒకప్పుడు ఎలా ఉండేదో తెలిసిన మనిషి కోసం 1937లో ఫోర్డ్ అతనిని వెతికించి పిలిపించాడు. టేలర్ ఆ దుకాణాన్ని పూర్వరూపంలో అమర్చడానికి తోడ్పడ్డాడు. 1938 ఏప్రిల్ 16న, విల్బర్ జయంతి నాడు, వాటిని ప్రజలకు అంకితం చేశారు.

1941లో టేలర్ కాలిఫోర్నియాకు తిరిగి వెళ్ళి యుద్ధ పరికరాల కర్మాగారంలో పనిచేశాడు. 1945లో గుండెపోటు రావడంతో ఇక పని చేయలేకపోయాడు. 1948 జనవరి 30న మరణించిన ఆర్విల్, తన వీలునామాలో టేలర్‌కు సంవత్సరానికి 800 డాలర్ల భృతి ఏర్పాటు చేశాడు. పెరుగుతున్న ధరలకు అది చాలలేదు. 1955లో అతను లాస్ ఏంజెలెస్‌లో ఒక ఆసుపత్రి ధర్మవార్డులో ఉన్నట్లు ఒక విలేఖరి గుర్తించాడు. ఈ వార్త తెలిసి విమాన పరిశ్రమకు చెందినవారు విరాళాలు సేకరించి, అతనిని మెరుగైన చికిత్సాలయానికి మార్పించారు. కొద్ది నెలలకే, 1956 జనవరి 30న, 87 ఏళ్ళ వయసులో టేలర్ మరణించాడు. ఆర్విల్ మరణించి ఆనాటికి సరిగ్గా ఎనిమిదేళ్ళు. కాలిఫోర్నియాలో విమాన రంగ ప్రముఖుల స్మారకమైన ముడిచిన రెక్కల ద్వారం వద్ద అతనిని సమాధి చేశారు.

గుర్తింపు

1965లో టేలర్ పేరును అమెరికా జాతీయ వైమానిక కీర్తి మందిరంలో చేర్చారు. విమాన మెకానిక్‌గా సుదీర్ఘ సేవ చేసినవారికి అమెరికా సమాఖ్య విమానయాన సంస్థ అతని పేరుతో ఒక పురస్కారం ఇస్తుంది. దీనికి విమాన రంగంలో 50 ఏళ్ళ అనుభవం ఉండాలి. అతని జన్మదినమైన మే 24ను అమెరికాలో విమాన నిర్వహణ సాంకేతిక నిపుణుల దినోత్సవంగా జరుపుకుంటారు.